ఒక్కో గుండుకీ ఓ లెక్కుంది!

కౌబాయ్ అనగానే తెలుగువాళ్లకి మొదట గుర్తొచ్చేది కృష్ణ. 1971లో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’ పుణ్యమా అని తలమీద వెడల్పాటి టోపీ, నడుముకు తోలు బెల్టు, చేతిలో రివాల్వర్... ఆ వేషం మన వీధుల్లో ఆడుకునే పిల్లల దాకా వచ్చేసింది. సినిమా కౌబాయ్ గుర్రం మీంచి దూకుతూనే ఢాం ఢాం అని పేల్చేస్తాడు. మళ్లీ గుండ్లు ఎప్పుడు నింపుకున్నాడో అడక్కూడదు!

కానీ అసలు కౌబాయ్‌ల కాలంలో అంత సులువు లేదు. 1836 నుంచి 1870ల దాకా అమెరికాలో రాజ్యమేలిన రివాల్వర్లలో ఎక్కువ వాటికి తూటా అన్నదే ఉండేది కాదు. మందు విడిగా, సీసపు గుండు విడిగా, నిప్పు రాజేసే క్యాప్ విడిగా ఉండేవి. ఆ మూడింటినీ ఒక్కో గదిలో ఓపిగ్గా చేత్తో అమర్చుకోవాలి. అందుకే దీన్ని ‘క్యాప్ అండ్ బాల్’ రివాల్వర్ అంటారు. అది మ్యూజియంలో అద్దాల వెనక్కి వెళ్లిపోయిందనుకుంటే పొరపాటే. అమెరికాలోనూ ఐరోపాలోనూ సెలవురోజు వస్తే షూటింగ్ రేంజికి వెళ్లి, తెల్లటి పొగల మధ్య దాన్ని పేల్చి ఆనందించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మనవాళ్లు స్థిరపడిన చాలా రాష్ట్రాల్లో ఇదో మామూలు కాలక్షేపం. ఆఫీసులో స్నేహితుడు ‘ఆదివారం వస్తావా?’ అని పిలిస్తే ఏం తెలుసుకుని వెళ్లాలి? ఇంట్లోవాళ్లు ఏం అడగాలి? ఈ వారం ఆ ముచ్చట్లే.

ముందుగా ఓ మాట. ఇందులో వాడేదాన్ని ఇంగ్లిషులో బ్లాక్ పౌడర్ అంటారు. అలాగని నల్లమందు అనేరు... మన భాషలో దానర్థం వేరు! తుపాకిమందు అనుకుందాం.

పిట్టలు ఎగిరిపోతున్నాయని...

ఈ కథ మొదలైంది ఓ ఫాదరీ గారి వేట సరదాతో. స్కాట్లాండులోని బెల్‌హెల్వీ అనే ఊళ్లో అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే మతబోధకుడుండేవాడు. అప్పటి తుపాకులు చెకుముకి రాయితో పనిచేసేవి. రాయి నిప్పురవ్వలు రాల్చి, బయట పళ్లెంలో ఉన్న కాస్త మందు భగ్గుమని, ఆ నిప్పు లోపలికెళ్లి, అప్పుడు గుండు బయల్దేరేది. ఈలోగా ఆ మెరుపు చూసి పిట్ట కాస్తా ఎగిరిపోయేది. ఆయన బుర్రకు పదునుపెట్టి, దెబ్బ తగిలితే చాలు అంటుకునే రసాయనంతో తుపాకీ పేల్చే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత ఆ రసాయనాన్ని చిన్న రాగి టోపీల్లో పెట్టడం వచ్చింది. అదే క్యాప్. దీపావళికి పిల్లలు పేల్చే రీలు తుపాకీ తెలుసుగా? దెబ్బ తగలగానే నిప్పు... సూత్రం అదే, రసాయనాలు వేరు.

ఆ క్యాప్‌ని తిరిగే సిలిండర్‌తో జతచేసి లోకానికి అమ్మినవాడు శామ్యూల్ కోల్ట్. 1814లో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టాడు. అమెరికా పేటెంట్ అందుకున్నది 1836లో, అంటే ఇరవై రెండేళ్లైనా నిండకుండానే. న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో ఫ్యాక్టరీ పెడితే అది 1842లో మూతపడింది. ఆ తర్వాత శామ్యూల్ వాకర్ అనే సైనికాధికారి సలహాలతో 1847లో ఓ పెద్ద రివాల్వర్ చేశాడు. దాని బరువెంతో తెలుసా? రెండు కిలోల పైమాటే! దాంతో కోల్ట్ దశ తిరిగింది. 1851 నాటి నేవీ, 1860 నాటి ఆర్మీ మోడళ్లు లక్షల్లో అమ్ముడయ్యాయి. రెమింగ్టన్ కంపెనీ కూడా గట్టి పోటీ ఇచ్చింది. 1861-65 అంతర్యుద్ధంలో సైనికుల నడుములకు వేలాడినవి ఎక్కువగా ఇవే.

మన మట్టిలో ఉప్పు

తుపాకిమందులో ఉండేవి మూడే... సురేకారం, గంధకం, బొగ్గు. ఇంట్లో చిచ్చుబుడ్లు కూరిన తాతయ్యలకు ఈ పేర్లు కొత్తేం కాదు. వీటిలో ప్రాణం సురేకారానిది. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రపంచానికి మేలైన సురేకారం వెళ్లింది మన దేశం నుంచే... ముఖ్యంగా బీహార్, బెంగాల్ ప్రాంతాల మట్టి నుంచి. అంతర్యుద్ధం మొదలైన 1861లోనే ఉత్తరాది ప్రభుత్వం తరఫున డ్యూపాంట్ కుటుంబానికి చెందిన లామట్ డ్యూపాంట్ ఇంగ్లండు వెళ్లి, దొరికిన సురేకారాన్నంతా కొన్నాడు. ఈలోగా బ్రిటన్, అమెరికాల మధ్య గొడవ వచ్చి ఎగుమతి ఆగిపోయింది. రాజీ కుదిరాకే 1862లో సరుకు కదిలింది. అమెరికన్లు కొట్టుకోవాలన్నా మన మట్టి కావాల్సివచ్చిందన్నమాట!

ఈ రివాల్వర్ల ఏలుబడి ఎంతోకాలం సాగలేదు. వెనక నుంచి తూటా దూర్చే సిలిండర్ మీద స్మిత్ అండ్ వెసన్ కంపెనీ చేతిలో ఉన్న పేటెంట్ గడువు 1869లో తీరింది. 1873లో కోల్ట్ కంపెనీ కూడా తూటా రివాల్వర్‌ను తెచ్చింది. దాంతో మందు, గుండు, క్యాప్ అటకెక్కాయి.

మళ్లీ కిందికి దిగింది 1950ల చివర్లో. అంతర్యుద్ధానికి నూరేళ్లు నిండుతున్నాయి. పాత రివాల్వర్ పేల్చి చూడాలన్న సరదా అమెరికన్లకు పుట్టింది. అసలువి పేల్చడానికి మనసొప్పదు. అప్పుడు ఇటలీలోని బ్రెష్యా ప్రాంతపు తుపాకీ కార్ఖానాలు అచ్చం అలాంటివే కొత్తగా చేసిపెట్టాయి. ఇవాళ రేంజిల్లో కనిపించేవాటిలో ఎక్కువ భాగం ఉబెర్టి, పియెట్టా వంటి ఇటలీ కంపెనీలవే.

కొనడం చివర... చూడటం ముందు

మోజుపడగానే కొనేయడం మొదటి మెట్టు కాదు. ముందు ఓ క్లబ్బుకి వెళ్లాలి. 1933లో మొదలైన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్‌కు ఇండియానా రాష్ట్రంలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో సొంత రేంజి ఉంది. దానికి అనుబంధంగా చాలాచోట్ల క్లబ్బులున్నాయి. పాతకాపులు పక్కన నిలబడి నేర్పుతారు. నాలుగు సార్లు వాళ్ల చేతుల్లో చూసి, వాళ్ల తుపాకీతోనే పేల్చి, అప్పటికీ సరదా తీరకపోతే కొనుక్కోవచ్చు.

కొనేటప్పుడు చూడాల్సింది ఫ్రేము. ఇత్తడి ఫ్రేమువి తళతళలాడుతూ చవగ్గా దొరుకుతాయి. కానీ ఇత్తడి మెత్తన. పూర్తి మోతాదు మందుతో పేలుస్తూపోతే క్రమంగా సాగి వదులవుతుంది. కొత్తవాళ్లకి ఉక్కు ఫ్రేమే మేలు. రెమింగ్టన్ నమూనాకి సిలిండర్ పైన కూడా ఉక్కు పట్టీ ఉంటుంది కాబట్టి గట్టిదనం ఎక్కువ, సిలిండర్ ఊడదీయడమూ తేలిక. కోల్ట్ నమూనాకి పైన పట్టీ ఉండదు. చేతిలో ఒదిగే తీరు మాత్రం దానిదే అంటారు అభిమానులు.

తుపాకీతో పాటు మందు కొలిచే చిన్న గొట్టం, స్వచ్ఛమైన మెత్తటి సీసంతో పోసిన గుండ్లు, నిపిల్‌కు సరిపడే క్యాప్‌లు, నూనె పట్టించిన ఉన్ని బిళ్లలు, కళ్లజోడు, చెవులకు రక్షణ ఉండాలి. చివరి రెండూ లేకపోతే రేంజిలోకి రానివ్వరు... రానివ్వకూడదు కూడా.

వరస తప్పితే వంట పాడు

పులిహోరకైనా ఓ వరస ఉంటుంది. ఇక్కడ వరస తప్పితే పోయేది రుచి కాదు, వేళ్లు. ఆది నుంచి అంతం దాకా గొట్టం మూతి ఎవరి వైపూ తిరగకూడదన్నది తొలి సూత్రం.

మొదట తుపాకీ ఖాళీగా ఉందని చూసుకోవాలి. ఖాళీ గదుల నిపిల్స్ మీద ఒక్కో క్యాప్ పెట్టి పేలిస్తే లోపలున్న నూనె, తడి ఎగిరిపోతాయి. తర్వాత హ్యామర్‌ని సగం దాకా లాగి ఆపితే సిలిండర్ స్వేచ్ఛగా తిరుగుతుంది.

ఇప్పుడు మందు. దీన్ని గ్రెయిన్లలో కొలుస్తారు. కంసాలి త్రాసులో వేసే గురివింద గింజ బరువులో ఒక గ్రెయిన్ సుమారు సగం. పాయింట్ 36 రివాల్వర్‌కి 20 నుంచి 25, పాయింట్ 44కి 25 నుంచి 30 గ్రెయిన్లు వాడటం మామూలు. గరిష్ఠం ఎంతన్నది తయారుచేసిన కంపెనీ పుస్తకంలో ఉంటుంది. దానిదే ఆఖరి మాట. మందు డబ్బా నుంచి నేరుగా గదిలోకి ఒంపకూడదు. లోపల ఎక్కడైనా నిప్పురవ్వ మిగిలి ఉంటే చేతిలోని డబ్బా మొత్తం బాంబవుతుంది. చిన్న గొట్టంతో కొలిచి, డబ్బా మూతపెట్టి దూరంగా పెట్టాకే గదిలో పోయాలి.

మందు మీద ఉన్ని బిళ్ల, దానిమీద గుండు. గుండు గది కంటే వెంట్రుకవాసి పెద్దదిగా ఉంటుంది. తుపాకీ కిందున్న మీటతో నొక్కితే గుండు అంచు చెక్కుకుపోయి సన్నటి సీసపు ఉంగరం బయటికొస్తుంది. ఆ ఉంగరం వచ్చిందంటే గది బిగుతుగా మూసుకుందని గుర్తు. గుండు మందుకు ఆనుకుని కూర్చోవాలి. మధ్యలో ఖాళీ మిగిలితే ప్రమాదం.

ఉన్ని బిళ్ల వాడనివాళ్లు గుండు మీద కొవ్వు రాస్తారు. మసి మెత్తబడటానికీ ఇది పనికొస్తుంది. కొవ్వంటే గుర్తొచ్చిందా? 1857లో మన సిపాయిలు నోటితో కొరకం అన్నది ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా కాగితానికి పూసిన కొవ్వు గురించే. ఆ రైఫిల్ కూడా క్యాప్‌తో పేలేదే!

అన్నిటికన్నా చివర క్యాప్‌లు. పేల్చే గీత దగ్గర నిలబడి, గొట్టం లక్ష్యం వైపు ఉంచి మాత్రమే వాటిని పెట్టాలి. క్యాప్ పెట్టనంత వరకూ అది సామాను, పెట్టిన క్షణం నుంచీ ఆయుధం. ఆరు గదులున్నా పాతకాపులు ఐదే నింపుతారు. ఖాళీ గది మీద హ్యామర్ దించి ఉంచితే, చేయి జారి కిందపడినా పేలదు.

ఆ మూడు గండాలు

మొదటిది గొలుసు పేలుడు. ఒక గది పేలినప్పుడు నిప్పు పక్క గదికి పాకి, అదీ పేలుతుంది. ఆ గుండుకి గొట్టం దారి ఉండదు, పక్కనుంచి దూసుకుపోతుంది. గుండు వదులుగా ఉన్నా, క్యాప్ సరిగ్గా కూర్చోకపోయినా ఈ ముప్పుంది. అందుకే రెండో చేతిని సిలిండర్ ముందుకి ఎప్పుడూ పోనివ్వకూడదు.

రెండోది ఆలస్యపు పేలుడు. ట్రిగ్గర్ నొక్కితే క్యాప్ టప్పుమంది, గుండు పేల్లేదు. ‘ఏమైందబ్బా’ అని తిప్పి చూడటం మనిషి సహజం. అదే పనికిరాదు. మందు లోలోపల రాజుకుంటూ ఉండొచ్చు. గొట్టం లక్ష్యం వైపే ఉంచి కనీసం ఓ నిమిషం కదలకుండా ఆగాలి.

మూడోది అన్నిటికన్నా ఘోరం. ఇప్పటి తూటాల్లో వాడే పొగరాని మందు వీటిలో పోయడం. దాని ఒత్తిడికి ఈ సిలిండర్ తట్టుకోలేదు, చేతిలోనే పగిలిపోతుంది. అసలు తుపాకిమందు గానీ, దానికి బదులుగా వాడొచ్చని డబ్బా మీద రాసి ఉన్న పైరోడెక్స్ లాంటివి గానీ తప్ప మరొకటి ముట్టకూడదు. చుట్టుపక్కల సిగరెట్టు కూడా నిషిద్ధమే.

ఇవి కాక సీసం సంగతుంది. గుండ్లు ముట్టుకున్న చేత్తో సమోసా తినకూడదు. సబ్బుతో చేతులు కడిగాకే ఏదైనా. చిన్నపిల్లలనూ గర్భిణులనూ సీసానికి దూరంగా ఉంచాలి.

పేల్చడం గంట... తోమడం పూట

సరదా అంతా అయ్యాక అసలు పని మొదలవుతుంది. ఈ మందు కాలితే మిగిలే మసి గాల్లో తేమను పీల్చుకుంటుంది. రేపు చూద్దాంలే అని వదిలేస్తే తుప్పు పట్టేస్తుంది. అన్నీ ఊడదీసి, ఆ రోజే వేడి సబ్బునీళ్లతో గిన్నెలు తోమినట్టు తోమి, తడి లేకుండా ఆరబెట్టి, పల్చగా నూనె రాయాలి. అంట్ల దగ్గర చేయి సాయం చేయని మగమహారాజులు కూడా సింకు దగ్గర నిలబడక తప్పని హాబీ ఇది!

చట్టం ఏమంటుంది?

ఇక్కడే మనవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 1898, అంతకుముందు తయారైన తుపాకులు, మందు కూరి పేల్చే ఇలాంటి నకళ్లు ‘పురాతన ఆయుధాల’ కిందికి వస్తాయి. కొనడానికి మామూలు తుపాకులకు ఉండే ఫెడరల్ నిబంధనలు వీటికి వర్తించవు. అందుకే చాలా రాష్ట్రాల్లో పుస్తకం తెప్పించుకున్నంత తేలిగ్గా పార్సిల్లో ఇంటికొచ్చేస్తుంది. అయితే ఏ రాష్ట్రం దారి ఆ రాష్ట్రానిది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో ఈ నకలు రివాల్వర్లకూ అనుమతి పత్రం కావాలి. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవాళ్లకు మామూలు తుపాకుల విషయంలో ఫెడరల్ నిషేధం ఉంది, మినహాయింపులు కొద్దే. మార్కెట్లో దొరికే తూటా సిలిండర్‌ను ఈ పాత నమూనాకి బిగిస్తే అది చట్టం దృష్టిలో మామూలు తుపాకీ అయిపోతుంది. చిన్న సరదా వీసా మీదికి తేకుండా, లాయర్ని అడిగాకే అడుగెయ్యడం మంచిది.

ఇక ‘ఇండియా వెళ్లేటప్పుడు నాన్నకు చూపిద్దాం’ అని సూట్‌కేసులో పెట్టడం మహా అపాయం. మన 1959 ఆయుధాల చట్టం ప్రకారం పేలే స్థితిలో ఉన్న తుపాకీకి లైసెన్సు ఉండాల్సిందే. ఊళ్లలో మందుకూరి పేల్చే నాటు తుపాకీకైనా అంతే. పాత ఆయుధాలు చూడాలనిపిస్తే హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఉండనే ఉంది.

పురాతనమన్నది కాగితం మీది మాట

చట్టం పురాతనమన్నంత మాత్రాన గుండు మెత్తబడదు. 1865 జులైలో మిస్సోరీ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నడివీధిలో వైల్డ్ బిల్ హికాక్ ఇలాంటి రివాల్వర్‌తోనే సుమారు 75 గజాల దూరం నుంచి డేవిస్ టట్ అనే మనిషిని చంపాడు. అప్పుడు ప్రాణం తీసిన నమూనాయే ఇప్పుడు పార్సిల్లో వస్తున్నది.

అందుకే ఇంట్లోవాళ్లు మొహమాటపడకుండా అడగాల్సిన ప్రశ్నలు మూడు. ఇంటికి తెచ్చేముందు ఖాళీ చేశావా? తుపాకీ ఓ తాళంలో, మందూ క్యాప్‌లూ వేరే తాళంలో ఉన్నాయా? తాళంచెవి పిల్లలకు అందదు కదా? గోడకి అలంకారంగా తగిలిస్తే చూడముచ్చటగా ఉంటుంది నిజమే. కానీ దాన్ని ఆటబొమ్మ అనుకునే వయసు పిల్లలు ఆ ఇంట్లోనో, చూడ్డానికొచ్చిన చుట్టాల్లోనో ఉంటారు. నడుమెత్తున ఉన్న పసివాడికి పురాతనం, నకలు అన్న తేడాలేం తెలుస్తాయి!

ఇన్ని జాగ్రత్తలు పడి, ఇంత చాకిరీ చేసి ఏం బావుకుంటారని అడగొచ్చు. ఈ తుపాకులకు అంతర్జాతీయ పోటీలున్నాయి. వాటిలో ‘మారియెట్’ అని క్యాప్ అండ్ బాల్ రివాల్వర్‌కే ప్రత్యేకించిన పోటీ ఒకటి. దూరం 25 మీటర్లు, అరగంట సమయం, పదమూడు గుండ్లు. వాటిలో మంచి పదే లెక్కలోకి వస్తాయి. అంటే ఒక్కో గుండుకీ రెండు నిమిషాల పైనే! ఇప్పటి పిస్తోలుకి ఆ రెండు నిమిషాల్లో పెట్టె ఖాళీ అయిపోతుంది. ఇక్కడ మాత్రం కొలవాలి, పొయ్యాలి, నొక్కాలి, చూడాలి, ఊపిరి బిగబట్టాలి. తొందరపడేవాణ్ని ఈ తుపాకీ ఓడిస్తుంది, నిదానస్తుణ్ని గెలిపిస్తుంది. నిదానమే ప్రధానం అని మన పెద్దలు ఊరికే అన్నారా!